చదువు రానోళ్ళకి కళ్ళద్దాలెందుకంట?

"ఆమెకి అక్షరం ముక్క రాదు, కళ్ళద్దాలెందుకు?" కంటి క్యాంపుల దగ్గర ఈ మాట ఇంకా వినపడుతూనే ఉంది. బయటోళ్ళే కాదు, మనోళ్ళూ అంటారు.

నలభై దాటాక కంట్లో కటకం గట్టిపడి దగ్గరి వస్తువు మసకేస్తుంది. అదే చత్వారం. జబ్బు కాదు, దిష్టి కాదు. వయసుతో అందరికీ వచ్చేదే. పట్నంలో ఉద్యోగికి వస్తే పేపరు చదవడం కష్టమవుద్ది. ఏజెన్సీలో మన అమ్మకి వస్తే బియ్యంలో రాళ్ళు కనపడవు, సూదిలో దారం ఎక్కదు, అడ్డాకులు కుట్టే పుల్ల వేలికి గుచ్చుకుంటుంది. సంతలో కాటా మీద అంకె ఎంతంటే షావుకారు చెప్పిందే లెక్క. పోడు పట్టాలో విస్తీర్ణం ఎంత పడిందో, చదువొచ్చిన మామ కూడా కాగితాన్ని బారెడు దూరం పెట్టుకుని తంటాలు పడాల్సిందే.

అస్సాం తేయాకు తోటల్లో 40 దాటిన కూలీల మీద జరిగిన పరిశోధన 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో అచ్చయింది. దగ్గర చూపు అద్దాల వల్ల రోజూ కోసే ఆకు సుమారు 22 శాతం పెరిగిందని తేలింది. అస్సాం తోటల కూలీల్లో చాలామంది బ్రిటిషోళ్ళు జార్ఖండ్, ఒడిశాల నుంచి తరలించిన ఆదివాసుల వారసులే. ఆకు కొయ్యడానికి అక్షరాలు అక్కర్లేదు కదా!

తెలంగాణలో 2018లో, ఆంధ్రలో 2019లో కంటి వెలుగు మొదలెట్టారు. మంచిదే. కానీ చేతిలో అద్దాలు పెట్టి పంపేస్తే పని అయిపోదు. దూలానికి వేలాడే అద్దాలు మీరూ చూసే ఉంటారు. అవి పెట్టుకుని నడిస్తే దూరం మసకగా ఉంటుంది, కళ్ళు తిరిగినట్టుంటుంది. "ఇవి దగ్గర పనికే పెద్దమ్మా, లేచేటప్పుడు తీసెయ్యి" అని కోయలోనో, గోండిలోనో, కువిలోనో చెప్పే మనిషి ఉండాలి. పెట్టుకుంటే చూపు పాడవుద్దనే భయం ఇంకోటి. పెట్టుకున్నా మానినా వయసుతో నంబరు పెరిగేదే, కొన్నేళ్ళకి మార్చుకోవాల్సిందే. అక్షరాల బోర్డు చూపిస్తే చదువు రాని మనిషి సిగ్గుపడి నోరు మూసుకుంటుంది. బియ్యం చేటో, సూదీ దారమో చేతికిచ్చి, ఆమె పని చేసుకునే దూరంలోనే పరీక్ష చెయ్యాలి.

ఏడాదికో క్యాంపు కాదు, ప్లస్ 1 నుంచి ప్లస్ 3 దాకా అద్దాలు సబ్ సెంటర్లో ఎప్పుడూ ఉండాలి. వాటిని ఇవ్వడం ఆశా కార్యకర్తలకి నేర్పాలి. కంట్లో తెల్లపొర, ఉన్నట్టుండి చూపు పోవడం, షుగరు ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికే. వచ్చే గ్రామసభలో దీని మీద తీర్మానం రాయించండి. సంతకాలు, వేలిముద్రలు తీసుకునే ముందు ఆ కాగితం పెద్దోళ్ళ చేతికిచ్చి, కనపడుతుందో లేదో అడగండి.