ప్రయోగశాలల్లో యూవీ దీపాల నిర్వహణ, భద్రతపై వినతిపత్రం

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

విషయం: జీవశాస్త్ర, రసాయనశాస్త్ర ప్రయోగశాలల్లో వాడే అతినీలలోహిత (యూవీ) దీపాల తనిఖీ, సిబ్బంది రక్షణ, పాత ట్యూబుల సేకరణ గురించి.

అయ్యా,

మేము ఈ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న పరిశోధక విద్యార్థులం, ప్రాజెక్టు ఫెలోలం, ల్యాబ్ సహాయకులం, పారిశుద్ధ్య సిబ్బందిమి. యూవీ దీపం లేనిదే మా ల్యాబుల్లో రోజు గడవదు. కల్చర్ పనికి ముందు హుడ్‌లో దాన్ని వెలిగిస్తాం. జెల్‌లో డీఎన్ఏ బ్యాండ్లను ఆ వెలుతురులోనే చూస్తాం. కంటికి ఆనని పదార్థాలు 254 నానోమీటర్ల కాంతి పడగానే, ఆకుపచ్చగా మెరిసే టీఎల్‌సీ (థిన్ లేయర్ క్రొమటోగ్రఫీ) ప్లేటు మీద నల్లటి మచ్చలుగా తేలతాయి. వేరుశనగకు పట్టే బూజు విషం అఫ్లాటాక్సిన్‌నూ ఇలాగే పసిగడతాం. 365 నానోమీటర్ల కాంతిలో దాని బి రకాలు నీలంగా, జి రకాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. రాయలసీమ వేరుశనగ రైతుకు ఈ పరీక్ష ఎంత ముఖ్యమో తమకు తెలియనిది కాదు.

ఇంత అక్కరకొచ్చే దీపం మా ల్యాబుల్లో ఆలనాపాలనా లేకుండా ఉంది. హుడ్‌లోని పాదరస దీపం నుంచి వచ్చే 253.7 నానోమీటర్ల కిరణాలు డీఎన్ఏలో పక్కపక్కనున్న థైమిన్‌లను అతికించేసి, సూక్ష్మజీవి పెరగకుండా ఆపుతాయి. ఆ కిరణాలు మన కంటికి కనిపించవు. కనిపించే నీలి వెలుగు వాటి బలానికి కొలత కాదు. గంటలు గడిచేకొద్దీ ట్యూబు బలహీనపడుతుంది, దుమ్ము పడితే ఇంకా తగ్గుతుంది, సీసా నీడలో ఉన్న చోటుకు కిరణాలు చేరనే చేరవు. మా హుడ్‌ల లాంటి బయోసేఫ్టీ క్యాబినెట్లలో యూవీ దీపాలు అవసరమూ కాదు, సిఫారసు చేయదగినవీ కావని అమెరికా సీడీసీ, ఎన్‌ఐహెచ్‌ల జీవభద్రతా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక్కడ మాత్రం ఆ దీపాన్నే నమ్ముకుంటూ కూడా, ట్యూబు పూర్తిగా ఆరిపోతే తప్ప మార్చడం లేదు. కల్చర్లు చెడినప్పుడు నింద విద్యార్థి అజాగ్రత్త మీద పడుతోంది.

రెండో సంగతి ఒంటికి కలిగే హాని. 254 నానోమీటర్ల కిరణాలు ఎనిమిది గంటల పనిదినంలో చదరపు మీటరుకు 60 జౌళ్లు మించి కంటి మీద, చర్మం మీద పడకూడదని అంతర్జాతీయ పరిమితి. చదరపు సెంటీమీటరుకు 40 మైక్రోవాట్ల తీవ్రత ఉన్నచోట ఆ పరిమితి రెండున్నర నిమిషాల్లో నిండిపోతుంది. దెబ్బ తగిలిన సంగతి వెంటనే తెలియదు. రాత్రి జెల్ కోసి హాస్టల్‌కు చేరాక, కొన్ని గంటలకు కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. మాలో కొందరు ఈ బాధ పడ్డారు. హుడ్ దీపం వెలుగుతుండగానే గది ఊడ్చే సిబ్బందికి ఈ ప్రమాదం గురించి చెప్పినవారే లేరు.

అందువల్ల మా డిమాండ్లు ఇవి:

1. ప్రతి విభాగానికి 254 నానోమీటర్ల తీవ్రతను కొలిచే యూవీ మీటరు కొనాలి. నెలకోసారి కొలిచి రిజిస్టరులో రాయాలి. హుడ్ మధ్యలో తీవ్రత చదరపు సెంటీమీటరుకు 40 మైక్రోవాట్ల కంటే తగ్గితే ట్యూబు మార్చాలి.

2. ట్యూబు బిగించిన తేదీ, వెలిగిన గంటలు హుడ్ మీద కార్డులో ఉండాలి. వారానికోసారి, దీపం ఆర్పి చల్లారాక, ట్యూబును 70 శాతం ఆల్కహాలుతో తుడవాలి.

3. యూవీ ఉందన్న ధీమాతో మిగతా జాగ్రత్తలు వదలకూడదు. హుడ్‌లో గాలిని శుద్ధి చేసే హెపా ఫిల్టర్ల వార్షిక పరీక్షకు విడిగా నిధులివ్వాలి.

4. అద్దం తలుపు ఎత్తగానే దీపం దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ప్రతి హుడ్‌కు ఉండాలి. గది బయట హెచ్చరిక దీపం పెట్టాలి.

5. జెల్‌ను యూవీ వెలుతురులో చూపే ట్రాన్స్‌ఇల్యూమినేటర్ ఉన్న ప్రతి గదిలో ముఖమంతా కప్పే పాలికార్బొనేట్ కవచాలు, నైట్రైల్ గ్లవ్స్, నిండు చేతుల కోట్లు ఉంచాలి.

6. ఇకపై జెల్ పనికి నీలికాంతి పరికరాలు, వాటికి సరిపడే రంగులు కొనాలి. క్లోనింగ్‌కు కోసే డీఎన్ఏ యూవీకి దెబ్బతినకుండా ఉంటుంది, మా కళ్లూ బాగుంటాయి.

7. విద్యార్థులతో పాటు పారిశుద్ధ్య సిబ్బందికీ తెలుగులో శిక్షణ ఇవ్వాలి. హెచ్చరిక బోర్డులు తెలుగులోనూ ఉండాలి.

8. పాత ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. వాటిని చెత్తకుండీలో వేయడం ఆపాలి. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం విడిగా సేకరించి, నమోదైన రీసైక్లర్లకు అప్పగించాలి.

9. కంటికి, చర్మానికి గాయమైనవారికి ఆరోగ్య కేంద్రంలో ఉచిత చికిత్స అందించాలి. ప్రమాదం గురించి చెప్పినవారి మీద చర్య తీసుకోకూడదు.

వీటిలో రెండు, ఏడు, తొమ్మిది డిమాండ్లకు పెద్దగా ఖర్చు లేదు, రేపటి నుంచే అమలు చేయవచ్చు. మిగతా వాటికి వచ్చే బడ్జెట్‌లో నిధులు కేటాయించి, విద్యార్థులకూ సిబ్బందికీ చోటున్న భద్రతా కమిటీని వేయాలని, నెలరోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబివ్వాలని సవినయంగా కోరుతున్నాం.

ఇట్లు,
పరిశోధక విద్యార్థులు, ప్రాజెక్టు ఫెలోలు, ల్యాబ్ సహాయకులు, పారిశుద్ధ్య సిబ్బంది