అద్దకం పువ్వుకు సొంతదారులున్నారు

ఆస్ట్రేలియా నడి ఎడారిలో ఆలిస్ స్ప్రింగ్స్ అనే ఊరుంది. ఆ ఊళ్లో ఆదివాసుల చుక్కల చిత్రాలు చూసిన పర్యాటకులు ఆ రంగులతో, వలయాలతో బొంతలు కుట్టుకోవాలని ముచ్చటపడతారు. ముచ్చట సహజమే. అయితే అక్కడ ఒక్కో కథకూ, దాన్ని చెప్పే గీతకూ హక్కుదారులుంటారు. 1994లో ఫెడరల్ కోర్టు ఆ హక్కుకు విలువ కట్టింది. ఆదివాసీ చిత్రాలను అడక్కుండా వియత్నాంలో తివాచీలుగా చేయించి దిగుమతి చేసుకున్నవాళ్లు ఎనిమిది మంది చిత్రకారుల పక్షానికి సుమారు 1,88,000 డాలర్లు చెల్లించాలని చెప్పింది. వ్యాపార నష్టంతో పాటు వారి సంస్కృతికి జరిగిన హానినీ లెక్కలోకి తీసుకుంది. మచిలీపట్నం (బందరు) పక్కన పెడనలో కలంకారీ బట్టలు అద్దే అద్దకందారులకూ ఆ పాటి అండ కావాలి.

ఎందుకంటే పరదేశపు బొంతల్లోకి ఎక్కిన బొమ్మల్లో మనవి ముందు వరసలో ఉన్నాయి. 17, 18 శతాబ్దాల్లో బందరు రేవులో ఓడలెక్కిన అద్దకం దుప్పట్లను ఐరోపాలో మంచాల మీద పరుచుకున్నారు. ఖరీదైన ఆ గుడ్డలోంచి పువ్వులనూ పిట్టలనూ కత్తిరించి, తెల్లగుడ్డ మీద కుట్టి బొంతలు చేసుకున్నారు. ఆ పనితనానికి పర్షియా పేరు స్థిరపడింది, బందరు పేరు రాలేదు. ఐరోపావాళ్లను కట్టిపడేసింది ఉతికినా వదలని ఎరుపు. కరక్కాయ, గేదె పాలలో నానిన గుడ్డ మీద పటిక అద్దిన చోటే చిరివేరు రంగు పట్టుకుంటుంది. ఆ వేరుకు ఒకప్పుడు నిజాంపట్నం తీరం పెట్టింది పేరు. సొంత నేతగాళ్ల గగ్గోలుకు తలొగ్గి ఫ్రాన్స్ 1686లో ఈ గుడ్డలను నిషేధించింది, ఇంగ్లండ్ 1721లో వాడకాన్నే నేరం చేసింది. ఐరోపా అచ్చుశాలలు మాత్రం మన నమూనాలను అనుకరిస్తూ ఎదిగాయి.

కలంకారీ కూడా పర్షియా లతలను, ఐరోపా బేరగాళ్ల అభిరుచిని కలుపుకున్నదే కదా, దానికి సొంతదారులెక్కడ అని అడగవచ్చు. నిజమే, మన లతలు ఆదివాసుల కథల్లా ఒక వంశపు పవిత్ర ఆస్తి కావు. కానీ ఆ కలయిక ఇక్కడి చేతుల్లోనే జరిగింది, కూలీ ఇక్కడి ఇళ్లకే చేరింది. ఇప్పటి నకలులో ఆ చేతులే లేవు. చెక్క అచ్చు మీది నమూనాను స్క్రీన్‌కెక్కించి, రసాయన రంగులతో గబగబా తీసి కలంకారీ అని అమ్ముతున్నారు. స్క్రీన్ ప్రింటుతో బతికే కుటుంబాలు పెడనలోనూ ఉన్నాయి, తక్కువ ధరకు దుప్పటి కావాల్సిన పేద ఇల్లాలూ ఉంది. ఆ పని ఆపమనడం అన్యాయం. ఆ సరుకును స్క్రీన్ ప్రింటుగానే అమ్మాలి, విజయవాడ టోకు దుకాణాల బిల్లుల మీద కూడా అలాగే రాయాలి.

మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. అది పేరును కాస్తుంది, పువ్వును కాదు. పాత నమూనాలను ఎవరైనా వాడుకోవచ్చు. కొత్తగా చెక్కిన అచ్చుకు మాత్రం, బజారుకెక్కకముందే నమోదు చేస్తే, 2000 నాటి డిజైన్ల చట్టం 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఇస్తుంది. రోజు గడవడమే కష్టమైన అద్దకందారు ఆ దరఖాస్తులు, రుసుములు, వకీళ్ల చుట్టూ తిరగలేడు. చేనేత జౌళి శాఖే పెడనలో ఒక కార్యాలయం తెరిచి, అచ్చు చెక్కినవాడి పేరుతో సహా నమోదు చేయించి, ఆ ఖర్చు తానే పెట్టుకోవాలి.