వ్రాసినవాడు లేనిచోట మాట్లాడవలసిన కాగితం

వృత్తి సలహాదారులు వ్రాసే ప్రతిపాదనలలో అధికభాగం ఒకే తీరున ఆరంభమవుతాయి. సంస్థ ఏ సంవత్సరంలో వెలసినది, అందులో ఎందరు నిపుణులున్నారు, ఎన్ని ప్రశంసాపత్రాలు వచ్చినవి - మొదటి రెండు మూడు పుటలు వీటితోనే నిండిపోతాయి. పని అప్పగించదలచిన యజమాని వెదకేది వేరు. తన ఇబ్బంది ఈ మనిషికి అర్థమైనదా, లేదా అన్నదే అతని ప్రశ్న. దానికి తొలిపుటలో జవాబు దొరకకపోతే తక్కిన పుటలు తిరగవేసే ఓపిక అతనికి ఉండదు.

ఈ విషయంలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య హైదరాబాదులో చేసిన పని నేటికీ పాఠంగా నిలువదగినది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఆ నగరాన్ని ముంచెత్తి వేలమందిని బలిగొన్నది. అప్పటికి బొంబాయి ప్రభుత్వ ఉద్యోగం విడిచి ఐరోపాలో పర్యటిస్తున్న ఆయనను నిజాం ప్రభుత్వం ఆహ్వానించినది. పర్యటన ముగిసిన పిమ్మటనే రాగలనని ఆయన తెలుపగా ప్రభుత్వం సమ్మతించినది. అప్పగించిన కార్యం మూడు అంశాలుగా ఉన్నది: నగర పునర్నిర్మాణానికి సలహా, సహాయం, మున్ముందు వరదలనుండి రక్షణకు పథకం, నగరానికి, చాదర్‌ఘాట్‌కు మురుగునీటి పారుదల ప్రణాళిక.

1909 ఏప్రిల్‌లో పని చేపట్టిన విశ్వేశ్వరయ్య, కురిసిన వర్షాన్నీ పారిన నీటినీ లెక్కగట్టించారు. నగరానికి ఎగువన ఉన్న 788 చెరువులలో 221 తెగిపోయినవని తేలినది. ఆ లెక్కల ఆధారంగా మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయాలు కట్టవలెనని అక్టోబరులో నివేదిక సమర్పించారు. మరుసటి నెలలోనే మైసూరు సంస్థానంలో చీఫ్ ఇంజనీరు పదవి స్వీకరించారు. అయినా ఆ నివేదిక మూలపడలేదు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినవి.

ప్రతిపాదనకు కూడ ఈ శక్తి ఉండవలెను. దానిపై నిర్ణయం జరిగే గదిలో వ్రాసినవాడు ఉండడు. అక్కడ భాగస్వాములు, ఆడిటరు, ఒక్కొక్కప్పుడు బ్యాంకు మేనేజరు ఉంటారు. వారి సందేహాలకు ఆ కాగితమే సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది.

గుంటూరులో మిరప కోల్డ్ స్టోరేజీ నడిపే ఒక యజమాని, కరెంటు బిల్లు పెరిగిపోతున్నదని సలహాదారును పిలిచాడనుకొందాం. "విద్యుత్ పొదుపునకు సమగ్ర సేవలు అందించగలము" అని వ్రాస్తే, అది ఏ ఊరికైనా, ఏ యజమానికైనా పంపదగిన కాగితమవుతుంది. దానికి మారుగా ఇట్లు వ్రాయవచ్చును: "నిలువచేసిన టిక్కీల సంఖ్య పెరుగలేదు, బిల్లు పెరిగినది. తలుపులవద్ద చలి పోతున్నదా, కంప్రెసరు పాతబడినదా, గోడల ఇన్సులేషను దెబ్బతిన్నదా అన్నది ఇంకా తేలలేదు. మొదటి పదిహేను రోజులలో కొలిచి తేల్చుతాము." ఇందులో గొప్పలు లేవు. కొలవకముందే ఇంత ఆదా చేసి చూపగలమన్న వాగ్దానమూ లేదు. నమ్మకం కలిగించేది అదే.

ఆపైన హద్దులు నిర్ణయించవలెను. కొలతలు తీసి నివేదిక ఇవ్వడం సలహాదారు వంతు. పాత బిల్లులు, యంత్రాల లాగ్‌బుక్కు అందజేయడం యజమాని వంతు. కొత్త యంత్రాల కొనుగోలు, బిగింపు ఈ పనిలో చేరవు. ఈ చివరి వాక్యం వ్రాయకపోవడంవల్లనే పెక్కు స్నేహాలు చెడినవి.

ఫీజు మాట వచ్చేసరికి మొగమాటపడి "మీకు తోచినది ఇవ్వండి" అనేవారున్నారు. అది ఉదారతగా కనిపించే తగవు విత్తనం. అంగీకారంనాడు ఒక భాగం, కొలతల నివేదిక చేరిననాడు మరొక భాగం, తుది నివేదికతో శేషం అని వ్రాయడం ఇరుపక్షాలకూ క్షేమం. కొలతలు చూచిన తరువాత ముందుకు సాగడం అనవసరమనిపిస్తే అక్కడితో విరమించుకొనే వీలు యజమానికి ఉండవలెను.

పంపేముందు ఆ ప్రతిపాదనను ఈ వ్యవహారంతో సంబంధంలేని ఒకరిచేత చదివించవలెను. సమస్య ఏమిటి, ఎవరు ఏమి చేస్తారు, ఎప్పటికి, ఎంతకు - ఈ నాలుగూ వారు తడబడకుండా చెప్పగలిగితే కాగితం సిద్ధమైనట్లే. చెప్పలేకపోతే వాక్యాలకు మెరుగులు దిద్దినంతమాత్రాన లాభం లేదు. యజమాని ఎదుట మరొకసారి కూర్చొని అతని మాట వినవలసి ఉన్నది.