ఫైబర్ పడవ పాతబడితే ఎక్కడికి పోవాలి?

ఆ మధ్య భీమిలి ఒడ్డున ఒక పాత ఫైబర్ పడవ చూశాను. ఇసుకలో బోర్లా పడి ఉంది, అడుగున పెద్ద చిల్లు. విరిగిన అంచు దగ్గర తెల్లటి పోగులు బయటికి పొడుచుకొచ్చాయి. చెయ్యి పెట్టబోతుంటే పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఆపాడు. "ముట్టుకోకమ్మా, దురదెడతాది." ఎన్నాళ్లుగా ఉందని అడిగితే నాలుగేళ్లన్నాడు. ఎవరూ తీసుకుపోరా అంటే నవ్వాడు. "చెక్కయితే పొయ్యిలోకైనా పనికొచ్చును. దీన్నెవులు కొంటారు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఫిజిక్స్ చదివిన నాకు పడవ ఎందుకంత గట్టిగా ఉంటుందో మాత్రం తెలుసు.

దురద పెట్టే ఆ పోగే పడవ బలం. గాజు పెళుసు. దాని ఉపరితలం మీద కంటికి కనిపించని గీతలుంటాయి. లాగినప్పుడు ఒత్తిడంతా గీత కొన దగ్గర పోగుపడి, అక్కడి నుంచి పగులు పాకుతుంది. 1920 ప్రాంతంలో బ్రిటిష్ ఇంజినీరు ఎ. ఎ. గ్రిఫిత్ గాజును సన్నటి పోగులుగా లాగి పరీక్షించాడు. పోగు సన్నబడేకొద్దీ బలం పెరుగుతూ పోయింది. అంత సన్నటి పోగులో పెద్ద గీతకు చోటు దొరకదు మరి. ఇప్పుడు వాడే గాజు పోగు మందం సుమారు 10 నుంచి 20 మైక్రోమీటర్లు, అంటే తల వెంట్రుకకన్నా సన్నం. అయితే ఉత్త పోగుల కట్టకు ఆకారం ఉండదు, తోస్తే వంగిపోతుంది. రెసిన్ వాటిని ఎక్కడివక్కడ పట్టి ఉంచుతుంది, ఒక పోగు తెగితే దాని భారాన్ని పక్క పోగులకు అందిస్తుంది. మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కి గోడలు పెట్టిన మన పెద్దలకు ఈ కిటుకు తెలుసు. కాకపోతే ఆ గోడ కూలితే మట్టీ గడ్డీ నేలలో కలిసిపోయేవి.

పడవల్లో వాడే పాలియెస్టర్ రెసిన్, గాలిమర రెక్కల్లో వాడే ఎపాక్సీ అలా కలిసిపోవు. బెల్లాన్ని ఎన్నిసార్లయినా కరిగించి పాకం పట్టవచ్చు. ఉడికిన గుడ్డును మళ్లీ పచ్చి గుడ్డు చేయలేం. ఈ రెసిన్లు గుడ్డు కోవకు చెందినవి. గట్టిపడేటప్పుడు అణువుల గొలుసుల మధ్య అడ్డంగా బంధాలు ఏర్పడి అంతా ఒకే వల అయిపోతుంది. వేడి చేస్తే కరగదు, మాడుతుంది. అందుకే ఇనుప సామాను తూకానికి కొనేవాడు వీధిలోకి వస్తాడు గానీ ఫైబర్ కోసం ఎవరూ రారు.

ఇదంతా చెప్పి పాత తెప్పలకే తిరిగి వెళ్లమనడం నా ఉద్దేశం కాదు. తెప్పకు పెద్ద దుంగలు కావాలి, అవి నానతాయి, పురుగు తొలుస్తుంది. ఫైబర్ పడవ తేలిక, కుళ్లదు, చిల్లు పడితే గాజు మ్యాట్, రెసిన్ వేసి ఒడ్డునే అతుకు వేసుకోవచ్చు. 2004 సునామీ తర్వాత తూర్పు తీరంలో ఈ పడవలు ఊరూరా వచ్చాయి. హైదరాబాద్‌లో క్షిపణుల కోసం రూపొందిన కాంపోజిట్‌తోనే 1990లలో డీఆర్‌డీవో, నిమ్స్ కలిసి పోలియో పిల్లలకు తేలికపాటి కాలిపర్లు చేశాయి. మూడు కిలోలకు పైగా ఉండే లోహపు పరికరం బరువు కొన్ని వందల గ్రాములకు దిగింది. అలాంటి పదార్థాన్ని ఎవరు వద్దంటారు?

నా అభ్యంతరం దాన్ని పంచే తీరు మీద. ఇవ్వడానికి పథకాలున్నాయి, వెనక్కి తీసుకోవడానికి లేవు.

గాలిమరల సంగతి ఇంకా పెద్దది. మన దేశంలో పవన విద్యుత్ సామర్థ్యం 2025లో 50 గిగావాట్లు దాటింది. ఒక యంత్రం ఆయుష్షు 20 నుంచి 25 ఏళ్లు. అనంతపురం ప్రాంతంలోని రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు నిలిచాయి. అప్పటి రెక్కలు పది పదిహేను మీటర్లుండేవి, ఇప్పటివి అరవై మీటర్లు దాటాయి. పాతవి తీసి పెద్దవి పెట్టడానికి కేంద్రం 2016లో ఒక విధానం, 2023లో మరొకటి తెచ్చింది. అమెరికాలోని వయోమింగ్‌లో ఇలా దించిన రెక్కలను కోసి గోతుల్లో పూడ్చారు. మనమూ ఆ దారి పడితే సిగ్గుచేటు.

మార్గాలు లేకపోలేదు. జర్మనీలో రెక్కలను ముక్కలు చేసి సిమెంటు కొలిమిలో వేస్తున్నారు. రెసిన్ ఇంధనంగా మండుతుంది, గాజులోని సిలికా సిమెంటులో కలుస్తుంది. అంత బలమైన పోగు చివరికి పొడి కావడం నాకు నచ్చదు, అయినా పూడ్చడంకన్నా నయం. పైగా రాయలసీమలో గాలిమరలూ సిమెంటు ఫ్యాక్టరీలూ ఇరుగుపొరుగునే ఉన్నాయి. ఐర్లాండ్‌లో పాత రెక్కలనే దూలాలుగా పెట్టి 2022లో నడక వంతెన కట్టారు. బలహీన ఆమ్లంలో విడిపోయే కొత్త రెసిన్లూ వచ్చాయి. జర్మనీ సముద్రంలోని కాస్కాసి గాలిమరలకు ఇలాంటి రెసిన్‌తో చేసిన రెక్కలను 2022లో బిగించారు, దాన్ని సరఫరా చేసింది మన ఆదిత్య బిర్లా సంస్థే. ఇక్కడి కొత్త రెక్కలకూ అదే షరతు ఎందుకు పెట్టకూడదు? 2022 ఇ-వ్యర్థాల నిబంధనలు సౌర ఫలకాల బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. రెక్కల విషయంలోనూ అంత స్పష్టంగా చెప్పాలి.

పడవల చిక్కు వేరు. ఒక్కో ఊళ్లో నాలుగైదు పాతవి పడి ఉంటాయి, వాటి కోసం ఏ ఫ్యాక్టరీ లారీ పంపదు. ఒడ్డున తగలబెడితే విషపు పొగ, రంపంతో కోస్తే గాజు దుమ్ము. ఈ పని మత్స్యకారుడి నెత్తిన పడేయడం అన్యాయం. మత్స్య సంపద యోజనలో పాత పడవకు బదులు కొత్తది ఇచ్చే సాయం ఇప్పటికే ఉంది. కొత్తది అప్పగించే రోజునే పాతదాన్ని హార్బర్‌కు చేర్చుకుని, నీళ్లు చల్లుతూ, మాస్కులు కట్టుకున్న మనుషులతో కోయించి సిమెంటు కొలిమికి పంపే ఖర్చును కూడా ఆ పథకంలోనే రాయాలి. ఏది ఎవరిదన్న తగాదా రాదు, పడవ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఎలాగూ ఉంటుంది. భీమిలిలో నేను చూసిన పడవ మీద కూడా ఉంది, సగం చెరిగిపోయి.