ఇంజిన్ ఒక్కటే వస్తే చాలదు... సారె కూడా రావాలి!

పొడవాటి ముక్కు, సన్నటి నడుము, వెనక నాలుగు గుండ్రటి దీపాలు. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, పక్క కార్లలోని పిల్లలు అద్దాలకు అతుక్కుపోయి మరీ చూస్తారు. తీరా పచ్చదీపం వెలిగాక, పక్కనున్న మామూలు ఫ్యామిలీ కారు దాన్ని దాటేసి వెళ్లిపోతుంది!

1980లో కాలిఫోర్నియాలో అమ్మిన షెవర్లె కార్వెట్ సంగతి ఇది. మిగతా అమెరికాలో అదే కారును 5.7 లీటర్ల ఇంజిన్‌తో అమ్మారు. ఆ ఇంజిన్‌కు కాలిఫోర్నియా పొగ నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ లేదు. దాంతో అక్కడివాళ్ల కోసం 5.0 లీటర్ల చిన్న ఇంజిన్ పెట్టారు. శక్తి 180 హార్స్‌పవర్. పోనీ గేర్లు మార్చుకునే సరదా అయినా ఉందా అంటే అదీ లేదు, ఆటోమేటిక్ ఒక్కటే. పేరుకు స్పోర్ట్స్ కారు. పరుగు మాత్రం అంతంతమాత్రం.

అలాంటి కారు చేతికొచ్చినవాళ్లకు ముందుగా పుట్టే కోరిక ఒక్కటే... ఇంజిన్ మార్చేయాలి! మార్చుకోవచ్చు, చట్టం వద్దనదు. కాకపోతే అది పెట్టే షరతులు తెలియక ముందే ఇంజిన్ కొనేసినవాళ్ల పని ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెతే. డాలర్లు పోతాయి, కారు రోడ్డెక్కదు.

అనాస పండు నుంచి పొగ దాకా...

కాలిఫోర్నియాకు ఎందుకింత పట్టుదల? 1943లో లాస్ ఏంజెలెస్‌ను ఒక్కసారిగా ఘాటైన పొగ కమ్మేసింది. జనానికి కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. కారణమేమిటో చాలాకాలం అంతుపట్టలేదు. చివరికి ముడి విప్పింది కాల్‌టెక్ శాస్త్రవేత్త హాగెన్‌స్మిత్. అప్పటిదాకా ఆయన అనాస పండుకు ఆ వాసన, రుచి ఎలా వస్తాయో పరిశోధిస్తున్నారు! కార్లు, పరిశ్రమల నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఈ పొగమంచుగా మారుతున్నాయని 1950ల తొలినాళ్లలో ఆయన తేల్చారు. 1967లో ఏర్పడిన కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డుకు మొదటి అధ్యక్షుడూ ఆయనే.

1984లో అక్కడ 'స్మాగ్ చెక్' మొదలైంది. మన పొల్యూషన్ సర్టిఫికెట్‌కు పెద్దన్న అనుకోవచ్చు. చదువుకో, ఉద్యోగానికో వెళ్లి సెకండ్‌హ్యాండ్ కారు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి ఈ పేరు పరిచయమే. పాత పెట్రోలు కార్లకు చాలా ప్రాంతాల్లో రెండేళ్లకోసారి ఈ పరీక్ష తప్పదు. పాస్ కాకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు. 1975, అంతకు ముందు మోడళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. అంటే 1975 కార్వెట్ యజమానికి ఈ బెంగే లేదు. 1976 కార్వెట్ యజమానికి మాత్రం తిప్పలన్నీ ఉన్నాయి. ఒక్క ఏడాదిలో ఎంత తేడా! 35 ఏళ్లు దాటి, కలెక్టర్ల ఇన్సూరెన్సు ఉన్న కార్లను ఈ పరీక్ష నుంచి తప్పించాలని టీవీ వ్యాఖ్యాత జే లెనో మద్దతుతో ఓ బిల్లు వచ్చింది. అది 2025 ఆగస్టులో శాసనసభ కమిటీ దగ్గరే ఆగిపోయింది.

రిఫరీ ఏం చూస్తాడు?

ఇంజిన్ మార్చిన కారును మామూలు స్మాగ్ చెక్ సెంటరుకు తీసుకెళ్తే సరిపోదు. ముందు 'రిఫరీ' దగ్గరకు వెళ్లాలి. ఈ రిఫరీ కేంద్రాలు చాలావరకు కమ్యూనిటీ కాలేజీల్లో ఉంటాయి. ఆయన చూసేవి ముఖ్యంగా నాలుగు.

ఒకటి, వయసు. కొత్తగా పెట్టే ఇంజిన్ కారు మోడల్ సంవత్సరానిదో, అంతకన్నా తర్వాతిదో అయి ఉండాలి. 1980 కారులో 1970 నాటి ఇంజిన్ ఎంత బలమైనదైనా కుదరదు.

రెండు, జాతి. కారుకు కారు ఇంజినే ఉండాలి. పాత సామాన్ల దుకాణాల్లో పికప్ ట్రక్కుల ఇంజిన్లు చవగ్గా దొరుకుతాయి. అవి కార్లకన్నా సడలించిన ప్రమాణాలకు తయారైనవైతే రిఫరీ ఒప్పుకోడు.

మూడు, ఊరు. కాలిఫోర్నియా ప్రమాణాలతో తయారైన కారులో అంతకన్నా తక్కువ ప్రమాణాలున్న ఇంజిన్ పెట్టకూడదు. బయటి రాష్ట్రాల నుంచి తెప్పించేవాళ్లు ఇది చూసుకోవాలి.

నాలుగోదే అసలైనది... సారె! పెళ్లికూతురితోపాటు సారె వచ్చినట్టు, ఇంజిన్ వెంట దాని పొగను అదుపుచేసే సరంజామా అంతా రావాలి. క్యాటలిటిక్ కన్వర్టర్లు, ఆక్సిజన్ సెన్సర్లు, కంప్యూటర్, పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా... ఒక్కటి తగ్గినా ఫెయిలే. ఓ ఇంజిన్‌ది ఒకటి, ఇంకో ఇంజిన్‌ది ఒకటి తెచ్చి అతికిస్తానంటే కుదరదు.

అన్నీ సరిపోతే తలుపు సందులో ఓ లేబుల్ అంటిస్తారు. ఆ కారులో ఏ ఇంజిన్ ఉందో, ఏయే పరికరాలు ఉండాలో అందులో రాసి ఉంటుంది. తర్వాతి స్మాగ్ చెక్‌లన్నీ దాని ప్రకారమే. కారు అమ్ముకునేటప్పుడూ అదే భరోసా.

మూడు సంబంధాలు

మన 1980 కార్వెట్‌కు తగిన సంబంధాలేమిటో చూద్దాం.

మొదటిది, దగ్గరి చుట్టం. 1985 కార్వెట్‌లో వచ్చిన 5.7 లీటర్ల ఇంజిన్. కార్బ్యురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్. శక్తి 230 హార్స్‌పవర్. పాతదాని కుటుంబమే కాబట్టి బిగించడం తేలిక. సెన్సర్లు తక్కువ, తలనొప్పీ తక్కువే. ఎగిరి గంతేసేంత మార్పు ఉండదు కానీ, రోజూ నడుపుకొనేవాళ్లకు చాలు.

రెండోది, 1998 నుంచి 2002 దాకా వచ్చిన కమారోలోని ఎల్ఎస్1. పరిమాణం అదే 5.7 లీటర్లు. అల్యూమినియం బ్లాక్ కావడంతో తేలిక. శక్తి 300 హార్స్‌పవర్ పైచిలుకు. ఇక్కడ సారె పెద్దది. పెట్రోలు ట్యాంకులో ఆవిరి ఒత్తిడిని కొలిచే సెన్సరు మొదలుకొని, 'చెక్ ఇంజిన్' దీపం దాకా అన్నీ పనిచేయాలి. అందుకే తెలివైనవాళ్లు ఇంజిన్ ఒక్కటే కొనరు. ప్రమాదంలో ముందో వెనకో దెబ్బతిన్న కమారోను మొత్తంగా కొంటారు. కావలసిన ప్రతి తీగా, ప్రతి గొట్టం అందులోనే దొరుకుతాయి. ఏది ఎక్కడ ఉండాలో కళ్లెదుటే కనిపిస్తుంది.

మూడోది, కట్నకానుకలన్నీ కలిపి వచ్చే ఖరీదైన సంబంధం. జనరల్ మోటార్స్ తెచ్చిన 'ఇ-రాడ్' కిట్. 6.2 లీటర్లు, 430 హార్స్‌పవర్. ఇంజిన్, కంప్యూటర్, కన్వర్టర్లు, సెన్సర్లు, బొగ్గు డబ్బా, ఆఖరికి యాక్సిలరేటర్ పెడల్ కూడా అందులోనే. పాత కార్లలో వాడుకునేందుకు వాయు వనరుల బోర్డు అనుమతి పత్రం దీనికి ఉంది. అయినా రిఫరీ దగ్గరకు వెళ్లాల్సిందే. కొనేముందు తమ మోడల్‌కు అనుమతి వర్తిస్తుందో లేదో సరిచూసుకోవాల్సిందే.

పెట్రోలే వద్దనుకుంటే కరెంటు మోటారు ఉంది. 2021లో ఫోర్డ్ 281 హార్స్‌పవర్ మోటారును 3,900 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. పొగ గొట్టమే లేదు కాబట్టి పొగ పరీక్షా లేదు. అయితే బ్యాటరీ, కంట్రోలర్ వేరే కొనుక్కోవాలి. ఇక్కడా సారె ఖర్చే ఎక్కువ!

ముందు ఫోను... తర్వాతే పర్సు

చాలామంది దెబ్బతినేది వరస తప్పడం వల్లే. ముందు ఇంజిన్ కొంటారు, తర్వాత బిగిస్తారు, ఆఖర్న రూల్స్ చదువుతారు. అప్పటికి కన్వర్టర్ పట్టే చోట ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. మళ్లీ విప్పాలి. చేయాల్సింది సరిగ్గా తలకిందులుగా. ముందు రిఫరీ సేవకు ఫోన్ చేసి అడగాలి. తర్వాత ఇంజిన్ ఏ కారుదో, ఏ సంవత్సరానిదో, ఏ ప్రమాణాలదో చూసుకోవాలి. దాత కారు బానెట్ కింద అంటించిన పొగ నిబంధనల లేబుల్‌ను ఫొటో తీసి దాచుకోవాలి. ఆ తర్వాతే పర్సు తీయాలి. అదనపు విడిభాగాలు ఏవి పెట్టినా వాటిమీద బోర్డు అనుమతి నంబరు ఉందో లేదో చూడాలి.

ఇంత తతంగం చూసి విసుక్కునేవాళ్లూ లేకపోలేదు. కానీ ఒక్కటి గమనించాలి. పద్ధతిగా ఎల్ఎస్1 ఎక్కించిన పాత కార్వెట్ వేగంగా పరుగెడుతుంది, అంతకు ముందుకన్నా తక్కువ పొగ వదులుతుంది. బలం కావాలంటే పొగ తప్పదని ఒకప్పుడు అనుకునేవారు. ఆ సారె లోని వస్తువులే అది తప్పని నిరూపించాయి. వాటిని పీకి పారేసేవాళ్లకు మిగిలేది చప్పుడే!