కంటికి పెదవి ఆసరా

అన్నం తింటుంటే బుగ్గ కొరుక్కుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ నాలుగైదు రోజుల్లో అదే మానిపోతుంది. అలాంటి గాయమే కంటి తెల్లగుడ్డుకు అయితే మాత్రం నెలలు గడిచినా మానకపోవచ్చు. పెద్ద తేడా రక్తనాళాల్లోనే. నోటి లోపలి పొర నిండా అవే. తెల్లగుడ్డులో బహు తక్కువ.

కంటికి గోడలాంటి ఈ తెల్లగుడ్డు మందం వెనకవైపు 1 మిల్లీమీటరు. కంటిని కదిపే కండరాలు అతుక్కునే చోట సుమారు 0.3 మిల్లీమీటర్లే! రసాయనాలు పడినా, రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి జబ్బులు ముదిరినా అది కరిగిపోవచ్చు. కంట్లో పెరిగిన కండను తీయించుకున్న కొందరికి ఏళ్ల తర్వాతా ఈ ముప్పు రావచ్చు. చిల్లు పడితే కన్నే పోవచ్చు.

అందుకే నేత్రదానంలో వచ్చిన తెల్లగుడ్డు ముక్కతో వైద్యులు అతుకు వేస్తారు. దానికి రక్తం అందించే కప్పు పైన లేకపోతే ఆ అతుకూ కరిగిపోతుంది. మామూలుగా పక్కనున్న కంటి పైపొరనే లాగి కప్పుతారు. ఆ పొర కూడా పాడైతే? అక్కడే నోరు అక్కరకొస్తుంది. కింది పెదవి లోపలి నుంచో బుగ్గ లోపలి నుంచో పల్చటి పొర తీసి అక్కడ కుట్టేస్తారు. చుట్టుపక్కల రక్తనాళాలు అందులోకి పాకి, దాన్ని బతికిస్తాయి. ఆ పొర సొంత ఒంటిదే కాబట్టి శరీరం తిరస్కరిస్తుందన్న భయం లేదు. నోట్లో పుండు మానేదాకా ఆవకాయకు దూరంగా ఉంటే చాలు!

ఇదేమీ నిన్నమొన్నటి ఆలోచన కాదు. రసాయనాలతో కాలిన కళ్లకు నోటి పొర అతికించడం గురించి డెనిగ్ అనే వైద్యుడు 1912లోనే రాశారు.

అలాగని ఇది మంత్రమేమీ కాదు. పోయిన చూపును తేలేదు, కన్నును నిలబెడుతుందంతే. అతికిన చోట కాస్త ఎర్రగా కనిపిస్తుంది. మూలమైన జబ్బుకు మందులు వాడకపోతే మళ్లీ కరగొచ్చు.

అసలు అంతదాకా రాకుండా చూసుకోవడమే మేలు. తాంబూలం సున్నం ప్యాకెట్‌ను పిల్లలు నొక్కితే చివ్వున కంట్లోకి చిమ్ముతుంది. అప్పుడు పసర్లూ, చనుబాలూ పోయకూడదు. రెప్పలు విప్పి పట్టుకుని, కనీసం అరగంట ధారగా నీళ్లు పోస్తూ కడగాలి. ఆ తర్వాతే ఆస్పత్రికి పరుగు. పెదవి కోసి కంటికి కుట్టే అవసరాన్ని తప్పించగలిగేది చాలాసార్లు ఆ కుళాయి నీళ్లే!