పోలీసు కెమేరాకు కాపరి ఎవరు?

2023 జనవరి 23వ తేదీ రాత్రి అమెరికాలోని సియాటిల్ నగరమున ఒక తెలుగు విద్యార్థిని వీథి దాటుచుండగా పోలీసు కారు ఢీకొని మరణించెను. ఉన్నత విద్యకై ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఆమె వయస్సు 23 సంవత్సరములు. అత్యవసరపు పిలుపునందుకొని పోవుచున్న ఆ కారు, గంటకు 25 మైళ్లు మించరాదను నిబంధనగల వీథిలో, ఒక దశలో 74 మైళ్ల వేగమునందుకొన్నట్లు విచారణలో తేలెను. అయినను ఈ దుర్ఘటనను లోకమంతటను చర్చకు తెచ్చినది కారు వేగముకంటె, మరియొక అధికారి ఛాతీపైనున్న చిన్న కెమేరా.

ఆ అధికారి దర్యాప్తులో తోడ్పడుటకై అక్కడికి వచ్చినవాడు. పోలీసు ఉద్యోగుల సంఘమునకు ఉపాధ్యక్షుడు కూడ. తిరిగి పోవుచు సంఘాధ్యక్షునితో టెలిఫోనులో మాటలాడుచు, చనిపోయిన యువతి ప్రాణమునకు విలువ స్వల్పమేయన్న ధోరణిలో పలికి నవ్వెను. నగరపు న్యాయవాదులు నష్టపరిహారమును బేరమాడు తీరును తాను వెక్కిరించితినేగాని ఆమెను కాదని పిదప సంజాయిషీ చెప్పుకొనెను. ఆ మాటలు ఇతరుల చెవిని పడునని ఆయన తలపలేదు. కాని కెమేరా ఆగలేదు.

పోలీసు శాఖలోని ఉద్యోగియొకరు నిత్యపు పనిలో భాగముగ ఆ దృశ్యమును చూచి పై అధికారులకు తెలిపిరి. ఆగస్టులో అది పౌరుల నాయకత్వమున నడచు విచారణ కార్యాలయమునకు చేరెను. సెప్టెంబరులో ప్రజలు దానిని చూచిరి. 2024 జులైలో ఆ అధికారి ఉద్యోగమునుండి తొలగింపబడెను. కారు నడిపిన అధికారిపై నేరము మోపజాలమని ప్రాసిక్యూటరు 2024 ఫిబ్రవరిలో ప్రకటించెను. 2025 జనవరిలో శాఖ ఆయనను కూడ తొలగించెను.

ఇందు విచారింపదగిన విషయమొకటి కలదు. కెమేరా తన పని జనవరిలోనే చేసినది. ఆ దృశ్యము మాత్రము నెలల తరబడి శాఖ భాండారములో పడియుండెను. ఆ ఉద్యోగి దానిని చూడకున్నను, చూచి ఊరకున్నను, నేటికిని ఎవరికిని తెలిసెడిది కాదు. యంత్రము సాక్ష్యమును భద్రపరచినది. దానిని వెలికి తెచ్చినది ఒక మనుష్యుని మనస్సాక్షి. న్యాయము ఇట్టి యాదృచ్ఛికముపై ఆధారపడవచ్చునా?

ఈ కెమేరాలపై తొలుత ఆశలు పెద్దవి. కాలిఫోర్నియాలోని రియాల్టో అను చిన్న పట్టణమున 2012లో ప్రారంభమైన ప్రయోగములో, కెమేరా ధరించిన వేళలతో పోల్చగా ధరింపని వేళలలో పోలీసుల బలప్రయోగము సుమారు రెట్టింపుగా కనబడెను. 2014లో ఫెర్గూసన్ పట్టణమున ఒక నల్లజాతి యువకుడు పోలీసు కాల్పులలో మరణించిన పిమ్మట దేశమంతట ఆందోళన చెలరేగగా, అధ్యక్షుడు ఒబామా 50,000 కెమేరాల కొనుగోలుకు సహాయపడు పథకమును ప్రతిపాదించెను. కాని రాజధాని వాషింగ్టనులో 2,000కు పైగా పోలీసులపై జరిగిన పరిశోధన ఫలితములు 2017లో వెలువడినప్పుడు, కెమేరా ఉన్నవారి నడవడికిని లేనివారి నడవడికిని చెప్పుకోదగిన భేదము కానరాలేదు.

దీనికి కారణములు పెక్కు ఉండవచ్చును. కాని ఒక ప్రశ్న ముఖ్యమైనది. కెమేరాను ఎప్పుడు నడుపవలెను, దృశ్యమును ఎంతకాలము నిలుపవలెను, ఎవరికి చూపవలెను అను విషయములను నిర్ణయించునది ఎవరు? ఆ నిర్ణయము పోలీసు శాఖదే అయినచో, తన జవాబు పత్రమును తానే దిద్దుకొను విద్యార్థి స్థితియే అగును. అతడు నిజాయితీపరుడే కావచ్చును. అయినను ఆ మార్కులను నమ్మువారుండరు.

బాల్టిమోరు నగరపు ఉదంతము దీనికి నిదర్శనము. అచటి కెమేరాలు మీట నొక్కుటకు ముందటి 30 సెకండ్ల దృశ్యమును కూడ, శబ్దము లేకుండ, నిలిపియుంచునవి. ఇది మరచిన అధికారి యొకడు 2017లో మాదక ద్రవ్యమును తానే ఒకచోట నుంచి, పిదప కెమేరా నడిపి, దానిని కనుగొన్నట్లు నటించెను. ముద్దాయి పక్షపు ప్రభుత్వ న్యాయవాదులు ఆ దృశ్యమును పరిశీలింపగా గుట్టు బయటపడెను. చికాగోలో 17 ఏండ్ల బాలునిపై పోలీసు 16 మారులు కాల్పులు జరిపిన దృశ్యము కారులోని కెమేరాకు చిక్కినను, న్యాయస్థానపు ఆజ్ఞపై అది ప్రజలకు కనబడుటకు 2014 అక్టోబరు నుండి 2015 నవంబరు వరకు, 13 నెలలు పట్టెను. ఉత్తర కరొలైనా రాష్ట్రమైతే 2016లో శాసనమే చేసి, న్యాయస్థానపు ఉత్తర్వు లేనిదే ఇట్టి దృశ్యములను బహిరంగపరచరాదనెను.

కావుననే పౌరుల పర్యవేక్షణ కావలెనను వాదము బలపడినది. సియాటిల్‌లో 2017 నాటి నగర శాసనము మూడు వ్యవస్థల నేర్పరచెను: ఫిర్యాదులను విచారించు కార్యాలయము, శాఖ పనిని తనిఖీ చేయు ఇన్‌స్పెక్టరు జనరలు, పౌరులతో కూడిన పోలీసు కమిషను. కమిషను సలహా చెప్పగలదు, శిక్షింపజాలదు. దాని బలమంతయు ప్రజల ఎదుట ప్రశ్నించుటలో నున్నది.

ఎదుటి వాదమును తోసిపుచ్చరాదు. పోలీసు కెమేరా ఇండ్లలోనికి పోవును. భర్త చేత దెబ్బలు తిన్న స్త్రీని, భయపడిన పసివానిని చూచును. అవి వీథిన పడుట ఎవరికిని హితము కాదు. పోలీసు ఉద్యోగి ప్రతి పలుకును వెదకి తప్పు పట్టుటయు న్యాయము కాదు. కాని పర్యవేక్షణ యనగా సమస్తమును బయటపెట్టుట కాదు. ఏది దాచవలెనో, ఏది చూపవలెనో పోలీసులొక్కరే నిర్ణయింపకుండుట.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. మన దేశమునందును పోలీసులు కెమేరాలు ధరించుచున్నారు. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషనులోను సి.సి. కెమేరాలుండవలెననియు, దృశ్యముతోపాటు శబ్దమును నమోదు చేయవలెననియు, వానిని 18 నెలలు, అది సాధ్యము కానిచో కనీసము ఒక సంవత్సరము, భద్రపరచవలెననియు ఆదేశించెను. పర్యవేక్షణకు రాష్ట్ర, జిల్లా కమిటీలను నియమింపజేసి, జిల్లా కమిటీలో కలెక్టరు, ఎస్.పి.తోపాటు మేయరుకు లేక జిల్లా పంచాయతీ అధ్యక్షునికి చోటు కల్పించెను. పోలీసు నిర్బంధములో మరణముల వార్తలపై, స్టేషనులలో పనిచేయు కెమేరాలు లేవను విషయమును అదే న్యాయస్థానము 2025 సెప్టెంబరులో తనంత తానుగ విచారణకు స్వీకరింపవలసి వచ్చెను.

ఆ కమిటీలో ప్రజలెన్నుకొన్న ప్రతినిధికి చోటున్నదను సంగతి ఎందరికి తెలియును? తమ జిల్లా కమిటీ ఎప్పుడు సమావేశమైనది, ఎన్ని కెమేరాలు పనిచేయుచున్నవని సమాచార హక్కు చట్టము క్రింద అడుగుటకు ప్రతి పౌరునకును అధికారము కలదు. అడుగువారున్నప్పుడే కెమేరాను చూచువారుందురు.